తరిమెన తాడుకి పిడులు

పోయిన నెలలో గుంటూరులో ఒక హస్తకళల ప్రదర్శనకి వెళ్ళాను. నాకేదో కళల మీద మోజని కాదు. మా కాలేజీ ఆడపిల్లల్ని అలాంటివాటికి తీసుకువెళ్ళే పని ఎవరో ఒకరి మెడకి చుట్టాలి, ఆ మెడ ప్రతిసారీ నాదే అవుతుంది. అక్కడ ఒక మూల పాతకాలం తరిమెన పెట్టారు. ఈ కాలం పిల్లలకి తరిమెనంటే తెలియదు కాబట్టి చెప్తాను. రెండు గుంజల మధ్య ఇనప మొనలకి ఒక చెక్కముక్కని గుచ్చి నిలబెడతారు. దానికి తోలుతాడు రెండు చుట్లు చుట్టి, ఒక మనిషి ఈ కొసా ఆ కొసా మార్చి మార్చి లాగుతుంటే చెక్క ఇటూ అటూ తిరుగుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఉలి ఆనించి దాన్ని గుండ్రంగా, నున్నగా తీస్తాడు. మంచం కోళ్ళూ బొంగరాలూ పనిముట్ల పిడులూ అన్నీ ఒకప్పుడు అలా వచ్చినవే. ప్రదర్శనలో దాని పక్కన లాల్చీ వేసుకున్న కుర్రాడొకడు నిలబడి, "ఉలి పట్టేది భర్త, తాడు లాగేది భార్యండి. ఇద్దరి ఊపిరీ ఒకటైతేగాని పని సాగదు. మన దాంపత్యం గొప్పతనం ఈ తరిమెనే చెప్తుంది" అని వినిపిస్తున్నాడు. మా పిల్లలు శ్రద్ధగా రాసుకుంటున్నారు.

నేను ముందుకి వెళ్ళి తాడు కొసలు చేతిలోకి తీసుకున్నాను. "ఏం నాయనా, వీటికి పిడులేవీ?" అని అడిగాను.

"అసలైనదానికి ఉండవు మేడం. ఇలా చేతికి చుట్టుకుని లాగడమే" అన్నాడు సంబరంగా.

"నువ్వు లాగావా ఎప్పుడైనా?"

"లేదండీ. నేను వివరించేవాణ్ణి."

వివరించేవాళ్ళకి ఈ దేశంలో ఏనాడూ కరువు లేదు. పిల్లలముందు ఆ కుర్రాణ్ణి ఇంకో రెండు అనాల్సింది, బస్సు టైమైందని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా కోపం చల్లారలేదు. అందుకని మా చిన్నమ్మ సంగతి రాస్తున్నాను. చిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. మా ఊళ్ళో తరిమెన పట్టిన మా చిన్నాయన భార్య.

మా ఊరు పర్చూరుకి దగ్గర. అప్పటికి ఒంగోలు జిల్లా అని విడిగా లేదు, అంతా గుంటూరు జిల్లానే. నల్లరేగడి చేలు. పత్తి, మిరప, పొగాకు. మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజుల్లో ఊరు ఊరంతా తుమ్ముతూ ఉండేది, కొత్తగా వచ్చిన చుట్టాలైతే ఏడుస్తూ ఉండేవాళ్ళు. మేం దూదేకులవాళ్ళం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట తెలుగు. చిన్నాయన వాళ్ళ నాన్న నిజంగానే దూది ఏకాడు. ఏకే విల్లు తీగని మీటడానికి రెండు కొసలా బుడిపెలుండే ఒక కొయ్యగుండు ఉంటుంది. అది అరిగిపోతే కొత్తది చేయించడానికి ఆయన ఒంగోలు వైపు ఒక తరిమెన పనివాడి దగ్గరికి వెళ్ళేవాడట, వెంట కొడుకుని తీసుకుని. జిన్నింగు మిల్లులు వచ్చి విల్లుకి పని లేకుండా పోయాక, కొడుకు ఆ తరిమెన దగ్గరే చేరి పని నేర్చుకుని వచ్చాడు. ఒక యంత్రం తండ్రి చేతిలో పని లాగేస్తే ఇంకో పని వెతుక్కున్నవాడు మా చిన్నాయన. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఆయన దగ్గర పిడి చేయించుకోవాలంటే ముందు మట్టి పిసకాలి. తడిపిన రేగడిముద్ద చేతికిచ్చి, "పనిలో ఎట్టా పట్టుకుంటావో అట్టా పట్టుకో. నాకు బలం చూపించబాక" అనేవాడు. ఆ ముద్దని అలాగే తీసుకుని పంచ గోడ మీద ఎండబెట్టేవాడు. గోడ పొడుగునా పిడికిళ్ళ ముద్రలు. వేళ్ళ సందులు, ఉంగరం నొక్కు, పొగాకు కత్తికి చిటికెనవేలు పోగొట్టుకున్నావిడ ముద్దలో ఆ వేలు చోట ఖాళీ. నేను చిన్నప్పుడు వాటిలో నా వేళ్ళు పెట్టి ఎవరి చెయ్యి నాకు సరిపోతుందా అని చూసుకునేదాన్ని. ఎవరిదీ సరిపోయేది కాదు. నా పొగరు చూసి మా అమ్మ అదీ ఒక జాతకమే అనేది. గొడ్డలి కామలూ పార కర్రలూ చిన్నాయన చేసేవాడు కాదు, అవి చెక్కుకోవాల్సినవి, వడ్రంగి చూసుకుంటాడు. ఈయనవి ఉలుల పిడులు, కొడవళ్ళ పిడులు, అన్నిటికన్నా ఎక్కువగా తొలికల పిడులు. తొలికంటే మిరపచేలో గొంతుక్కూర్చుని కలుపు తీసే చిన్న పనిముట్టు. పొద్దుటినించి పొద్దుగూకేదాకా ఆడకూలీల చేతిలోంచి దిగదు. పిడి కుదరకపోతే మధ్యాహ్నానికి అరచేతిలో బొబ్బ లేస్తుంది. బొబ్బ చితికిన చేత్తో ఇంటికెళ్ళి కారం ముట్టుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకే ఎక్కడెక్కడి కూలి ముఠాలవాళ్ళో కలుపు కాలం ముందు మా చిన్నాయన పంచకి వచ్చేవాళ్ళు. దర్శి వైపు నించి కూడా వచ్చేవాళ్ళు.

వచ్చినవాళ్ళకి కనిపించేది చిన్నాయన ఒక్కడే. పంచకి అడ్డంగా ఒక తాటాకు తడిక ఉండేది. ఇవతల చిన్నాయన, తరిమెన. తడికలో కింద రెండు కంతలు. తాడు కొసలు రెండూ ఆ కంతల్లోంచి లోపలికి పోయేవి. లోపల చిన్నమ్మ. మా వాళ్ళలో ఆడవాళ్ళు చేలకి వెళ్తారు, సంతకి వెళ్తారు, గోషా లాంటిదేమీ లేదు. అయినా బజారు పంచలో కోడలు కూర్చుని తాడు లాగితే పరువు తక్కువని, పెళ్ళైన కొత్తలో చిన్నమ్మ అత్తగారు కట్టించిన తడిక అది. అత్తగారు పోయింది, తడిక పోలేదు. తాటాకులు చివికినప్పుడల్లా కొత్తవి కట్టేవాళ్ళు. తెలియనివాళ్ళు చూస్తే తరిమెన దానంతటదే తిరుగుతున్నట్టుండేది.

తాడు తరిమెనలో ఒక మెలిక ఉంది. చెక్క పనివాడి వైపు తిరిగినప్పుడే ఉలి ఆనించాలి. అవతలికి తిరిగేటప్పుడు ఎత్తాలి. ఆనించు, ఎత్తు. ఆనించు, ఎత్తు. లోపల మనిషి కుడిచేత్తో లాగినప్పుడు కోత, ఎడమచేత్తో లాగినప్పుడు విరామం. కోతకి ఎదురు బలం కావాలి కాబట్టి భారమంతా కుడిచేతి మీద. పెళ్ళైనప్పటినించి ఆ చెయ్యి అలా లాగుతూనే ఉంది. నేను హైస్కూల్లో ఉన్నప్పటికే చిన్నమ్మ కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. చెయ్యి చెవి పైకి లేచేది కాదు. తల దువ్వుకోలేకపోయేది. రోజూ పొద్దున్నే మా అమ్మ ఆ వీధిలోనే నాలుగిళ్ళ అవతలకి వెళ్ళి చెల్లెలికి జడేసి వచ్చేది. వేస్తూ వేస్తూ ఉత్తి ఓదార్పు మాటలు మాట్లాడేది, "వాతమే. వెల్లుల్లి నూనె రాయి" అని. వాతమట. తాడు లాగి లాగి ఎముక అరిగితే దానికి వాతమని పేరు పెట్టి నూనె రాసే ఇంట్లో పుట్టాను నేను. నోరు పెద్దదైందంటే అవదూ.

ఇంకొకటి నేను కాలేజీలో చేరిన ఏడు గమనించాను. ఊరందరి పిడికిళ్ళూ గోడ మీద ఉన్నాయి, చిన్నమ్మది లేదు. తాడు కొసలకి పిడులు లేవు. ఆమె పాతచీర పేలికలు చేతులకి చుట్టుకుని, ఆ పైన తాడు చుట్టుకుని లాగేది. చిన్నాయన్నే అడిగాను. "అందరికీ చేస్తావు గదా చిన్నాయనా, ఈ తాడుకెందుకు చెయ్యవు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తాడుకి పిడులేందమ్మాయ్? ఎవరన్నా వింటే నవ్వుతారు."

చెడ్డవాడు కాదు. ఆ ముక్క ముందే చెప్తున్నాను, లేకపోతే చదివేవాళ్ళు తొందరపడి ఆయన్ని చెడ్డవాణ్ణి చేస్తారు, అదొక సుఖం. తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు, మాట తూలేవాడు కాదు. అసలు మాటే తక్కువ. పిల్లల్లేరని మళ్ళీ పెళ్ళి చేసుకోమని బంధువులు పోరితే, "నా తరిమెనకి తాడు ఒకటే" అన్నాడట. అది విని మా ఇంట్లో అందరూ మురిసిపోయారు. నాకైతే ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

ఊరికి కరెంటు వచ్చింది. పిండిమరకి మోటారు, చేలల్లో బావులకి మోటార్లు. వేసవి సెలవులకి వచ్చిన నేను ఇంక ఆగలేదు. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలుస్తున్న రోజులవి. ఆ గొంతంతా చిన్నాయన మీద ప్రయోగించాను. మోటారు పెడితే తాడు అక్కర్లేదు, తాడు అక్కర్లేకపోతే చిన్నమ్మ భుజం బతుకుతుంది, పని నాలుగింతలవుతుంది. రోజుకొకసారి చెప్పాను. ఆయన ఒంగోలు వెళ్ళి రెండు చోట్ల చూసి వచ్చి, చివరికి ఒక మెకానిక్కుని వెంటబెట్టుకుని పాత మోటారూ ఇనప తరిమెనా బండి మీద తెచ్చాడు. బిగిస్తుంటే వీధి వీధంతా వచ్చి నిలబడింది. చిన్నమ్మ తడిక పక్కన నిలబడి నన్ను మెల్లిగా అడిగింది.

"ఇది తిరిగితే నేను లాగక్కర్లేదా?"

"అక్కర్లేదు చిన్నమ్మా."

"రేపట్నించేనా?"

"ఇప్పట్నించే."

లోపలికి వెళ్ళి చేతులకి చుట్టుకునే పేలికలు ఉతికి ఆరేసింది. ఆ మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి కూర్చుంది. చిన్నమ్మ పగటిపూట మా ఇంట్లో కూర్చోగా చూడటం నాకు అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక చేతులు ఒళ్ళో పెట్టుకుని, మా అమ్మ మజ్జిగిస్తే తాగి, గోడకి ఆనుకుని నిద్రపోయింది.

నాలుగు రోజులు గడిచాయో లేదో, మొదటి పిడులు తిరిగొచ్చాయి. ముఠా పెద్దామె ఒకావిడ ఉండేది, పేటలో చర్చి పక్క ఇల్లు, ఆదివారం తప్ప అన్ని రోజులూ మిరపచేలోనే. ఆమె గొంతు చేలో లేస్తే ఊళ్ళో వినపడేది. తొలిక పిడి తెచ్చి చిన్నాయన ముందు పెట్టి, "సాయిబుగారూ, ఏందిది, గొంగళిపురుగా?" అంది.

చూస్తే నిజంగానే గొంగళిపురుగు. నున్నగా ఉండాల్సిన పిడి మీద పొడుగునా సన్నటి గాళ్ళు, గాడికీ గాడికీ మధ్య మెట్టు. నగిషీ అనుకుంటే అందంగానే ఉంది. పొద్దంతా పట్టుకుంటే ఒక్కో మెట్టుకీ ఒక్కో బొబ్బ.

సంగతేమిటంటే మోటారు ఒకవైపే తిరుగుతుంది. ఆగదు, వెనక్కి మళ్ళదు. ఉలి ఆనించి నెమ్మదిగా జరుపుకుంటూ పోవడమే. కానీ చిన్నాయన చెయ్యి ఎత్తుతోంది. ఆనించు, ఎత్తు. ఆనించు, ఎత్తు. ఎత్తక్కర్లేదని ఆయనకి తెలుసు, నాకు తెలుసు, చూడటానికి వచ్చిన వీధిలోవాళ్ళకీ తెలుసు. చేతికి తెలియదు. ఎత్తి మళ్ళీ ఆనించిన ప్రతిచోటా వెంట్రుకవాసి తేడా, ఒక మెట్టు. తడిక అవతల లేని మనిషి కుడిచేత్తో ఒకసారీ ఎడమచేత్తో ఒకసారీ లాగుతూనే ఉన్నట్టు ఆ చెయ్యి నడిచేది. మణికట్టుకి తూకం గుండు కట్టుకుని చూశాడు, లేవకుండా. చెయ్యి వణికి ఉలి జారి, చెక్క ఎగిరి గోడ మీద మట్టి పిడికిళ్ళని పగలగొట్టింది. ఎడమచేత్తో ప్రయత్నించాడు. కళ్ళు మూసుకుని ప్రయత్నించాడు. అన్నం తగ్గించాడు. ఎవర్నీ ఏమీ అనలేదు, నన్ను కూడా. ఆయన అనని మాటలన్నీ ఊళ్ళోవాళ్ళు అన్నారు. కాలేజీ పిల్ల నోటివల్ల సాయిబు పని మూలబడిందన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. ఆ మోటారు చిన్నమ్మ చేతిని కొన్ని వారాలు ఊరుకోనిచ్చింది, నాకది చాలు.

ఎండలు ముదిరాయి. వానలు పడితే మిరప నాట్లు, ఆ తర్వాత కలుపు. పిడులు కావాల్సినవాళ్ళ మట్టిముద్దలు గోడ నిండిపోయి అరుగు మీదికి వచ్చాయి. ఒకరోజు చిన్నాయన మోటారు మీద గోనెపట్టా కప్పి, అటక మీంచి పాత తరిమెన దించి గుంజలు పాతాడు. తాడుకి ఆముదం రాసి ఎండలో పెట్టాడు. రెండు కొసలూ తడిక కంతల్లోంచి లోపలికి తోసి, ఇవతల ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

తాడు కదల్లేదు.

"ఏమే" అన్నాడు.

లోపలినించి చిన్నమ్మ గొంతు మామూలుగా వచ్చింది. "నేను లాగను."

నేను వక్తృత్వంలో కప్పులు గెలిచినదాన్ని. ఇన్ని ఉపన్యాసాలిచ్చాను, ఆ రెండు మాటలంత మాట ఎక్కడా అనలేకపోయాను.

ఆ మధ్యాహ్నానికల్లా మా ఇంట్లో పంచాయతీ. మా పెద్దమామ, అంటే అమ్మవాళ్ళ అన్న, చుట్ట ముట్టించుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ చేటలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. పెద్దమామ, "ఏందమ్మా, ఆయన కూలికి పోవాల్నా? ఆ పని తప్ప ఇంకోటి తెలీదు గదా ఆ మనిషికి. కోతలదాకా లాగు. తర్వాత చూసుకుందాం" అన్నాడు.

"ఏ కోతలు అన్నా?" అంది చిన్నమ్మ. "అత్తగారు కూడా కోతలదాకా అనే కూర్చోబెట్టింది."

మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "నేను రోజూ నూనె రాస్తా గదే. సంసారమన్నాక సర్దుకోవాలి. ఇల్లు నిలబెట్టుకోవాలి" అంది.

నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, ఇల్లు చిన్నమ్మ భుజం మీద నిలబడిందని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావు. సంతోషం" అన్నాను.

"నువ్వు గమ్మునుండవే. కాలేజీలో నేర్పింది ఇదా, కాపురాలు కూల్చడం?"

"జడెయ్యడానికి రోజూ పోతావు గదా, ఆ చెయ్యి ఒకసారి పైకెత్తి చూపించమను మామకి."

ఎవరూ ఎత్తమనలేదు. చిన్నమ్మ ఎత్తలేదు. పెద్దమామ చుట్ట వైపు చూసుకున్నాడు. తాడు లాగడానికి కూలిమనిషిని పెట్టుకోవచ్చు గదా అని నేనే అన్నాను. పెట్టారు కూడా. మొదట వచ్చినవాడు బావిలో మోట లాగినట్టు లాగి మొనలు ఊడగొట్టాడు. రెండోవాడు మెత్తగానే లాగాడు గాని, ముఠా పెద్దామె బజార్లో పోతూ ఏదో అంటే దానికి జవాబు చెప్పడానికి తాడు వదిలేసి బయటికి వచ్చేవాడు. తడిక అవతల మగవాళ్ళు ఎక్కువసేపు నిలవలేదు.

తొలకరి పడ్డ వారానికనుకుంటాను, చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. పిలవందే రానివాడు. మేమంతా వసారాలోనే ఉన్నాం. చిన్నమ్మ ముందున్న చేటలో, మిరపకాయల మీద, రెండు పిడులు పెట్టి పక్కకి నిలబడ్డాడు. ఇరుగుడు చెట్టు చేవ. నల్లటి ఎరుపు. రెండు కొసలా తాడు దూర్చడానికి బెజ్జాలు. మోటారు మీదే చేసినట్టున్నాడు, సన్నటి గాళ్ళు ఉన్నాయి, అయితే వాటిని గాజుపెంకుతో గీకీ గీకీ, మొగలిరేకుతో రుద్దీ రుద్దీ దాదాపు చెరిపేశాడు. ఎన్నాళ్ళు రుద్దాడో.

చిన్నమ్మ చేతులు చీరకి తుడుచుకుని పట్టుకుంది. సరిగ్గా సరిపోయాయి. పక్కనున్న మాకే తెలిసింది, ఆమెకి తెలియదూ. వేలు వేలుకీ చోటు. మా అమ్మ మొహం విప్పారింది. పెద్దమామ ఉండి ఉంటే లేచి వెళ్ళి మిఠాయి తెచ్చేవాడు. నేను మాత్రం, ఇంక ఈ పిచ్చిది వెళ్ళి కూర్చుంటుంది అనుకున్నాను.

"నా చేతి కొలత ఎప్పుడు తీసుకున్నావయ్యా?" అంది.

"తాడు కొసలు చూసి" అన్నాడు చిన్నాయన. "నువ్వు పట్టుకున్నచోట తోలు నొక్కుకుపోయి ఉంది. వేళ్ళు తెలుస్తన్నయి."

చిన్నమ్మ చాలాసేపు ఆ పిడుల్నే చూసింది. "ఇన్నేళ్ళూ ఆ కొసలు అక్కడే ఉన్నయి గదా" అంది.

తర్వాత ఆమె ఆ రెండు పిడులూ ఆయన చేతిలోనే పెట్టింది.

"నువ్వు లాగు. నేను ఉలి పడతా."

మా వాళ్ళలో ఆడవాళ్ళు ఉలి ముట్టరు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నాయన కోప్పడలేదు, నవ్వలేదు. "నువ్వెప్పుడూ చూళ్ళేదు గదే. తడిక అవతల కూర్చుంటివి" అన్నాడు.

"చూళ్ళేదు. విన్నా. బాగా తెగేటప్పుడు ఎట్టా మోగుద్దో, గాడి పడేటప్పుడు ఎట్టా మోగుద్దో నాకు తెలుసు. మిగతాది చెప్పు."

గోడ మీద ముద్దలు, అరుగు మీద ముద్దలు. కలుపు నెత్తిమీదికి వచ్చేసింది. ఆయనకి వేరే దారి ఉండి ఉంటే ఏం చేసేవాడో నాకు తెలియదు. ఎండ కళ్ళలో పడుతోందని పదిమందికీ చెప్పి తరిమెనని పంచలోంచి పీకి ఇంటి వెనక దొడ్లో పాతాడు. కొలతలు పంచలో, పని దొడ్లో. కరెంటు తీగ పంచ దాటదు కాబట్టి మోటారు గోనెపట్టా కిందే ఉండిపోయింది. ఉలి పట్టడానికి భుజం ఎత్తక్కర్లేదు, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించుకుని మణికట్టుతో నడుపుకోవాలి. మొదటి వారం ఆమె పాడుచేసిన చెక్కంతా మా రెండిళ్ళ పొయ్యిల్లోకీ సరిపోయింది. తుమ్మచెక్క పొగకి మా అమ్మ దగ్గుతూ, "ఇది నీ చదువు పొగే" అని నన్ను తిట్టేది. దొడ్లో చిన్నాయన కూడా అరిచేవాడు, "ఎత్తవే, ఎత్తు" అని. ఎత్తాల్సినచోట ఆమె ఎత్తేది కాదు, ఆమె చేతికి ఆ అలవాటు లేదు గదా. ఆమె కూడా తిరిగి అనేది, "నువ్వు సరిగా లాగు ముందు. ఎడ్లబండనుకున్నావా." వాళ్ళిద్దరూ అన్ని మాటలు మాట్లాడుకోగా అంతకుముందు నేను వినలేదు. అందులో ఒక్కటీ మంచిమాట కాదు.

నాకు కాలేజీ తెరిచారు, వెళ్ళిపోయాను. దసరా సెలవులకి వచ్చేసరికి పిడులు అమ్ముడుపోతున్నాయి. ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు, ఎవరికీ తెలియదు. సాయిబు పిడులు మళ్ళీ కుదిరాయి అనేవాళ్ళు. చేలగట్టు మీద ముఠా పెద్దామె ఎదురైతే నేనే ఉండబట్టలేక, "అవి ఎవరు చేస్తున్నారో తెలుసా నీకు?" అన్నాను. ఆమె తొలిక చంకలో పెట్టుకుని నా వైపు జాలిగా చూసింది. "తెలీకేం పాపా. పొద్దుటేళ దొడ్లో ఆమె తిట్లు ఈ చేలోకి వినపడతన్నయి. ఎవరు చేస్తే నాకేంది, బొబ్బ లేదు. నువ్వు ఊళ్ళో చాటబాక, మగాళ్ళు కొనడం మానుతారు." అదీ నిజమే. నా నోరు అంత అవసరం లేని చోట్లు కూడా ఉంటాయని అప్పుడు తెలిసింది, ఆచరణలో పెట్టలేదు.

ఇంటికి వెళ్ళి దొడ్లోకి తొంగిచూశాను. చిన్నమ్మ ఉలి ఆనించి కూర్చుంది. మొహం మీద చెక్కపొట్టు. అవతల చిన్నాయన తాడు లాగుతున్నాడు, ఆ ఇరుగుడు పిడులతోనే. లాగి ఆపినప్పుడు చేతులు విప్పి ఊదుకున్నాడు. అరచేతులు రెండూ బొబ్బలు, చితికినవి, మానినవి, మళ్ళీ లేచినవి. అవి ఆమె చేతి కొలతకి చేసిన పిడులు. చిన్న చెయ్యి, సన్నటి వేళ్ళు. ఆయన పెద్ద చేతిలో ప్రతి వంపూ తప్పుచోట గుచ్చుకుంటోంది.

"వేరేవి చేసుకోవచ్చు గదా చిన్నాయనా" అన్నాను.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె చెక్క వైపు చూస్తోంది. ఉలి పట్టేది ఇప్పుడు ఆమె కదా, చేస్తే ఆమే చెయ్యాలి. ఒక పూట పని. ఆయన అడగలేదు. ఆమె చెయ్యలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ తరిమెన నడిచింది, ఆయన ఆ పిడులతోనే లాగాడు, ఆమె ఉలి దించలేదు, ఆ ఒక్క జత మాత్రం మారలేదు. ఆయన చేతులకి చివరికి కాయలు కాసి ఆ పిడులకి తగ్గట్టు అయిపోయాయి. అది శిక్షా, పంతమా, ఇంకేదన్నానా అని నేను ఎంతోమందితో వాదించాను. మా అమ్మ ప్రేమే అనేది. నాకు వాదనలో ఓడటం అలవాటు లేదు, ఇందులో గెలవనూ లేదు.

ముందు చిన్నాయన పోయాడు, తర్వాత చిన్నమ్మ. కలుపుమందులు వచ్చి తొలికలు మూలబడ్డాయి. గుంటూరు బజార్లో ప్లాస్టిక్ పిడుల కొడవళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, అందరి చేతికీ ఒకటే కొలత. ఆ ఇరుగుడు పిడుల్లో ఒకటి నా దగ్గరుంది. ప్రదర్శన చూసి వచ్చిన సాయంత్రం తీసి పట్టుకున్నాను. చిన్నప్పుడు గోడ మీద ఎవరి పిడికిలిలోనూ ఇమడని నా చెయ్యి ఇందులోనూ ఇమడలేదు. కొలత ఆమెది, అరుగుదల ఆయనది, రెండూ ఒకదాని మీద ఒకటి పడి, ఇప్పుడది ఎవరి చేతికీ సరిపోని వస్తువైంది. బతికే రోజులు కూడా ఇంతే అనిపిస్తుంది నాకు. ఎవరి కొలతకో చేసి ఉంచినవాటిని మన చేతికిస్తారు. లాగి లాగి అవి మన చేతికి కుదిరేటప్పటికి, లాగాల్సిన పని అయిపోయి ఉంటుంది.